కలబంద ఇచ్చే ముందు

అడిగినవారికి మందివ్వడం పుణ్యమే కదా, దానికి ముందు ఇన్ని ప్రశ్నలెందుకని ఏకాంబరం ఒకనాడు గురువును అడిగాడు. చిదంబరయ్య గారు వైద్యంలో పండిపోయిన మనిషి. కలబంద ముక్క కోసం వచ్చినవారిని కూడా కూర్చోబెట్టి తిండీ, నిద్రా, ఇంటి సంగతులూ అడిగేవారు. శిష్యుడికి అది చాదస్తంగా తోచేది. ఆ మాట విని కూడా ఆయన పెరట్లో పాదులు చేసుకుంటూ ఉండిపోయారు.

ఆ పూటే బెల్లం గానుగ దగ్గర పనిచేసే రెడ్డెమ్మను పట్టుకొచ్చారు. కాగే పాకం చింది మణికట్టు కాలింది. గురువుగారు ఆ చేతిని చాలాసేపు చన్నీళ్లలో ఉంచాక, ఏకాంబరం కలబంద మట్ట కోసి, తోలు ఒలిచి, గుజ్జును బాగా కడిగి కాలినచోట పరిచాడు. రెడ్డెమ్మ బిగబట్టిన ఊపిరి వదిలింది.

"ఇంత ఎండలో నిలబడి ఈ చలవంతా యాడ దాచిపెట్టుకుందో సామీ!" అంది. ఆపైన, "కడుపు నాలుగు దినాలుగా బిగదీసుకోనుండాది. దీన్నే లోపలికీ ఇయ్యకూడదా?" అని మెల్లగా అడిగింది.

కలబందకు విరేచనం చేసే గుణమూ ఉందని ఏకాంబరానికి తెలుసు. ఉత్సాహంగా ఇంకో మట్ట తెచ్చి, తోలుతో సహా దంచి, మజ్జిగలో కలిపి లోటా ఆమె చేతికిచ్చాడు. అది పెదవులకు చేరేలోగా గురువుగారి చెయ్యి అడ్డం వచ్చింది.

"తల్లీ, నెల తప్పిందా?"

రెడ్డెమ్మ తల వంచుకుంది. "అత్తకు గూడా ఇంకా చెప్పలేదు సామీ. ముందు రెండుసార్లూ నిలవలేదు."

కాలిన చేతిని చూపిస్తున్నంతసేపూ ఆమె రెండో చెయ్యి పొత్తికడుపు మీదే ఉందని ఏకాంబరానికి అప్పుడు తట్టింది.

చిదంబరయ్య గారు మజ్జిగ పారబోశారు. నానబెట్టిన ఎండుద్రాక్ష తినమని, నీళ్లు బాగా తాగమని చెప్పి ఆమెను పంపారు. తర్వాత ఒక మట్ట తెంపి తలకిందులుగా పట్టుకున్నారు. తెగినచోట, తోలును అంటిపెట్టుకుని ఉన్న పొరలోంచి పసుపుపచ్చటి చేదుపాలు చిక్కగా కారాయి.

"ఇది పేగును కదిలిస్తుంది. నిలిచినదాన్ని కూడా కదిలించవచ్చు."

ఏకాంబరం ఆ మట్టను చేతుల్లోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. లోపల గాజులాంటి గుజ్జు, దాన్ని చుట్టి ఆ పసుపు గీత. చల్లార్చేదీ చెరిపేదీ ఒకే తోలు కింద, వెంట్రుకవాసి దూరంలో కాపురముంటున్నాయి. ఇన్నాళ్లూ ఆకుకూర కోసినట్టు కోసిన చెట్టు ముందు అతని ఒళ్లు గగుర్పొడిచింది.

"ఎంత చూసినా మందెక్కడ ఆగిందో, విషమెక్కడ మొదలైందో అంతు చిక్కడం లేదు సామీ," అన్నాడు.

"ఆకును బాగానే చూస్తున్నావు నాయనా," అన్నారు గురువుగారు. "ఆమెను చూశావా?"