తిక్కయ్య అడుగులు, గాదిలింగప్ప కెమెరా

ఆదోని పత్తి మార్కెట్లో నాణ్యత చూసే గాదిలింగప్ప అనే ఒకాయన, ఏ వస్తువు చేతికిచ్చినా అందులో పది లోపాలు వెతికితేగానీ కొనేవాడు కాదు. పనిలో ఆ గుణమే ఆయనకు అన్నం పెట్టింది. పత్తి నింపిన పెద్ద గోనెసంచి, అదే బోరెంలోంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ళతో సాగదీసి, పోగు పొడవెంతో, తేమ ఎంతో చెప్పేవాడు. ఆయన మాటకు మార్కెట్లో ఎదురు లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఇంటికి వచ్చాక కూడా ఆ బొటనవేళ్ళు ఊరుకునేవి కావు. వంకాయలు కొన్నా, వాన గొడుగు కొన్నా అదే పరీక్ష.

ఆయన అన్న తిక్కయ్య పక్క పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ చెక్కభజన నేర్పేవాడు. చేతుల్లో కొయ్య చెక్కలు మోగిస్తూ, పాటకు తగ్గట్టు అడుగులు వేస్తూ గుంపుగా ఆడే ఆట అది. తిక్కయ్యకు వచ్చిన అడుగుల్లో గిరక అడుగు ఒకటి ఉండేది. పైకెగిరి, గాలిలోనే గిర్రున తిరిగి, కాళ్ళు నేలకు ఆనేలోపల చెక్కలు మూడుసార్లు మోగించాలి. అది వాళ్ళ నాయన నేర్పిన అడుగు. తిక్కయ్యకు తప్ప ఇంకెవరికీ రాదు. గాదిలింగప్ప చిన్నప్పుడే మార్కెట్లో పనికి చేరాడు కాబట్టి ఆయనకూ రాలేదు.

ఒకరోజు తిక్కయ్య తమ్ముడి ఇంటికి వచ్చాడు.

"ఒరే గాదిలింగా, పిల్లోళ్ళంతా బెంగుళూరుకు పనికి పోతాండారు. పండగకొచ్చి నాలుగు దినాలుంటారు. ఆ నాలుగు దినాల్లో ఏం నేర్చుకుంటారు? నువ్వొక కెమెరా కొని నా అడుగులన్నీ వీడియో తియ్యి. వాళ్ళు ఆడనే చూసి నేర్చుకుంటారు. నాకు యాభై అయిదు దాటినాయి. ఇంకెన్నాళ్ళు ఎగురుతా?"

"దానికేముందన్నా, మంచిది చూసి కొంటా," అన్నాడు గాదిలింగప్ప.

అవి ఫోన్లలో ఇంకా సరైన కెమెరాలు రాని రోజులు. మరునాడే గాదిలింగప్ప బజారులో ఖాజాహుసేన్ స్టూడియోకు వెళ్ళాడు. ఖాజాహుసేన్ చొక్కా జేబులో పట్టే చిన్న కెమెరా తీసి చూపించాడు.

"ఫోటోలకు, వీడియోకు రెండిటికీ బాగుంటుందన్నా. ఇంట్లో వాడుకునేటోళ్ళకు ఇంతకన్నా అక్కర్లేదు."

గాదిలింగప్ప దాన్ని అటూ ఇటూ తిప్పాడు. దూరంలో ఉన్నవి దగ్గరగా కనపడేది తక్కువన్నాడు. ఆ గుణం ఎక్కువున్నది చూపిస్తే, ఇది జేబులో పట్టదన్నాడు. పట్టేది చూపిస్తే, పొద్దువాలాక మసగ్గా పడుతుందన్నాడు. మసగ్గా పడనిది చూపిస్తే, చెక్కల చప్పుడు గరగరమని వినిపిస్తోందన్నాడు. చప్పుడు సరిగ్గా ఉన్నదాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విని, బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడిగాడు.

"ఎంచబోతే మంచమంతా కంతలే అన్నా," అన్నాడు ఖాజాహుసేన్ నవ్వుతూ. "ఒకటి తీసుకో, పని చేసుకో."

"తొందరేముంది? దసరాకు కొత్తవి వస్తాయంట కదా. అవీ చూద్దాం."

దసరా వచ్చింది, కొత్తవీ వచ్చాయి. వాటికి కొత్త లోపాలు దొరికాయి. గాదిలింగప్ప ఒక పుస్తకంలో గీతలు గీసి, ఏ కెమెరాలో ఏముంది, ఏం లేదు రాసుకోవడం మొదలుపెట్టాడు. భార్య ఉరుకుందమ్మ ఆ పుస్తకం చూసి నెత్తి కొట్టుకుంది.

"నన్ను చూసుకోను కూడా మూడుసార్లొచ్చినావు నువ్వు. మా నాయన ఓపిక గలోడు కాబట్టి సరిపాయ. మీ అన్నకు అంత ఓపిక ఉంటుందనుకున్నావా?"

"మా అన్నకేమే, గట్టోడు."

"గట్టోడైతేనేమి, మోకాళ్ళు అందరికీ అరిగేటివే."

ఈ మాట ఆయనకు రుచించలేదు. అయినా పుస్తకం మూయలేదు.

పీర్ల పండుగకు పిల్లలు ఊరికొచ్చారు. ఆదివారం అందరితో ఆట పెట్టుకున్నానని, అన్ని అడుగులూ ఆడి చూపిస్తానని తిక్కయ్య కబురు పంపాడు. కబురు విని గాదిలింగప్ప పరుగున స్టూడియోకు వెళ్ళాడు. పుస్తకంలో రెండు కెమెరాలు మిగిలాయి. వాటి మధ్య ఆయన మనసు ఊగుతూనే ఉంది. అది కనిపెట్టి ఖాజాహుసేన్ తన సొంత కెమెరా తీసి బల్లమీద పెట్టాడు.

"కొనేది మళ్ళీ చూద్దువుగాని. ఇది నాది, ఆదివారానికి తీసుకపో. సోమవారం తెచ్చియ్యి."

నిజానికి అది మంచి మనిషి ఇచ్చిన మంచి అవకాశం. గాదిలింగప్ప దాన్ని కూడా సాగదీసి చూశాడు.

"వద్దులే ఖాజా. దీనితో తీస్తే రేపు మంచిది కొన్నాక మళ్ళీ తియ్యాల్సిందే. ఒకే పని రెండుసార్లెందుకు? అన్న యాడికి పోతాడు!"

ఆదివారం ఆయన ఉత్త చేతులతో వెళ్ళి ఆట చూశాడు. తిక్కయ్య ఆరోజు గిరక అడుగు నాలుగుసార్లు వేశాడు. ఊరంతా ఈలలు వేసింది. గాదిలింగప్ప కూడా వేశాడు.

పది రోజులు తిరక్కముందే, బండి మీద నుంచి పత్తి బోరేలు దించుతూ తిక్కయ్య కాలు జారి కింద పడ్డాడు. ఒక బోరెం వచ్చి మోకాలి మీద పడింది. డాక్టరు కట్టు కట్టి, "నడుస్తావు. ఎగరడం మాత్రం మరిచిపో," అన్నాడు.

ఆ సాయంత్రమే గాదిలింగప్ప కెమెరా కొన్నాడు. బొటనవేళ్ళు పెట్టలేదు, పుస్తకం తెరవలేదు. ఖాజాహుసేన్ సంచిలో వేసి ఇచ్చింది మొదటిరోజు చూపించిన చిన్న కెమెరానే. అది ఇద్దరికీ తెలుసు.

దాన్ని పట్టుకుని పల్లెకు వెళ్ళేసరికి అన్న మంచం మీద కాలు చాచుకుని ఉన్నాడు. కెమెరా చూడగానే లేచి కూర్చున్నాడు. "వచ్చినావా! బలే ఉందిరా బుడ్డది," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని గాదిలింగప్పకు అనిపించింది.

తమ్ముడు వీడియో తీస్తుంటే తిక్కయ్య చెక్కలు చేతికి తీసుకుని తాళం మోగించాడు. మామూలు అడుగులన్నీ నోటితో చెప్పాడు. గిరక అడుగు దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్ళను కాళ్ళలా నిలబెట్టి, దుప్పటి మీద ఎగిరించాడు. వేళ్ళు సగం తిరిగి పడిపోయాయి. మళ్ళీ ఎగిరించాడు. ఇంకా బెంగుళూరుకు పోని ఇద్దరు పిల్లలు ఆయన చెప్పినట్టు ఎగిరి చూశారు. ఒకడు తిరిగాడు గానీ చెక్కలు మోగలేదు. ఇంకొకడు చెక్కలు మోగించి వెల్లకిలా పడ్డాడు.

"అట్ల కాదురా," అన్నాడు తిక్కయ్య. "ఎట్ల చెప్పాల మీకు? నాయన నాకు చెప్పలేదు, వేసి చూపించినాడు. నేనూ వేసి చూపించాల." అని చెక్కలు పక్కన పెట్టేశాడు.

ఇంటికి వచ్చి గాదిలింగప్ప ఆ వీడియో చూసుకున్నాడు. కెమెరాలో వంక పెట్టడానికేమీ లేదు. వెలుగు బాగా పడింది. చెక్కల చప్పుడు గంటలా వినిపించింది. అన్న మోకాలి కట్టులో నూలు పోగులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. అది మంచి పత్తేనని గాదిలింగప్ప చూడగానే చెప్పగలడు. ఆ కాలి పక్కన దుప్పటి మీద, ఎగరబోయే ముందు, రెండు వేళ్ళు నిలబడి ఉన్నాయి. ఆయన ఆ బొమ్మ దగ్గరే ఆపి, మొహం తుడుచుకున్నాడు.

మేలైన వస్తువు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది, దాటిపోయిన సమయం దొరకదు. అందుకే చేతికందిన దానితో జరిగే మంచి పనిని, ఇంకా మంచిది వస్తుందని వాయిదా వేయకూడదు.