దొరకని హారం

రాజుగారు స్వయంగా దొంగల నాటకం రాసి కోట ముందు ఆడించారు. మొదటి రంగంలోనే దొంగ రాణిగారి హారం కొట్టేసి తెర వెనక్కి పోయాడు.

"హారం దొరికేదాకా ఎవరూ లేవకూడదు!" అని రాజుగారు జనానికి ఆజ్ఞ వేశారు.

వీరుడి వేషగాడు పొద్దున్నుంచి కనబడ్డవాడినల్లా నరుకుతూనే ఉన్నాడు. దొంగ ఊసే లేదు. పొద్దు వాలింది. పాలమ్మే పైడమ్మ ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. వేళ దాటితే గేదె పాలు చేపదు.

ఆమె లేవకుండా, కూర్చునే జరుగుతూ జరుగుతూ తెర వెనక్కి చేరింది. అక్కడ దొంగ వేషగాడు హారం మెడలో వేసుకుని అటుకులు నములుతున్నాడు.

"నన్ను పట్టుకునే రంగం రాజుగారు రాయలేదమ్మా," అన్నాడు.

పైడమ్మ ఆ హారం తెచ్చి రాజుగారి ముందు పెట్టింది. "దొరికింది మహారాజా! ఇక లేవచ్చా?"

రాజుగారు తెల్లబోయారు. "నా వీరుడు ఇంకా అరవైమందిని నరకాలే!"

"నరకనివ్వండి బాబూ. హారం దొరికిందని ఆయనకి మాత్రం చెప్పకండి."

రాజుగారికి నవ్వాగలేదు. జనం బతుకుజీవుడా అని లేచారు.

పైడమ్మ చెంబు పట్టుకుని కూర్చోగానే గేదె చేపింది. కోట వైపు నుంచి కత్తుల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది.