ఉప్పు తగ్గిన చారు

చిత్రగిరి రాజు కొండభూపతికి శత్రువులంటే భయం లేదు, పులులంటే భయం లేదు. మామగారు వస్తున్నారంటే మాత్రం హడలిపోయేవాడు.

ఆ మామగారు బలభద్రవర్మ చెడ్డవాడేం కాదు, ఒట్టి మొహమాటస్తుడు. పిల్లనిచ్చిన ఇంట్లో నోరు తెరిచి ఏదీ అడగకూడదని ఆయన పట్టుదల. ఏది ఎలా ఉందని అడిగినా "దివ్యంగా ఉంది అల్లుడుగారూ" అనేవాడు. నిద్రలేని కళ్ళతో, సగం నిండిన కడుపుతో ఊరెళ్ళి, భార్య దగ్గర అంతా ఏకరువు పెట్టేవాడు. ఆవిడ కూతురికి కబురు పంపేది. ఇంకేముంది, రాణిగారు రాజుతో మాటలు మానేసేది. ఏదైనా చెప్పాలంటే పంజరంలో చిలకతో చెప్పేది. రాజు పక్కన నిలబడి వినాలి.

పోయినసారి మామగారు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ రాజుకి ఆ చిలకే దిక్కు. ఇంతలో ఆయన మళ్ళీ వస్తున్నారని కబురొచ్చింది.

రాజు సభలో తేల్చి చెప్పాడు. "ఈసారి మామగారు కోటలో ఉండరు. మీలో ఎవరింట్లో ఆయన సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంటారో, వాళ్ళకి నా చేతి కడియం ఇస్తాను."

అతిథిశాల అధికారి పద్మనాభయ్య లేచాడు. ముందు మీసం లేచింది, తర్వాత ఆయన లేచాడు.

"మర్యాదలు చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు ప్రభూ. ఓడితే ఈ మీసం తీయించుకుంటాను."

కొలువులో ఏ చిక్కు వచ్చినా రాజు చూసేది కేసన్న వైపు. ఇప్పుడూ అటే చూశాడు.

"ఒక రాత్రి మా ఇంట్లోనూ ఉంచుకుంటాం ప్రభూ," అన్నాడు కేసన్న.

"ఓడితే నువ్వు కొలువు వదిలిపోవాలి," అన్నాడు పద్మనాభయ్య. "నీ మీసం తీసినా ఎవరికీ తెలీదు."

కేసన్న సరేనన్నాడు.

మొదటి రాత్రి పద్మనాభయ్య ఇంట్లో బస. విస్తరి నిండా పిండివంటలు పెట్టారు. పెద్దాయనకి కావలసిన మజ్జిగ మాత్రం ఎక్కడా కనపడలేదు. అడగడానికి మొహమాటం. మంచం ఎక్కడానికి నిచ్చెన వేశారు. తల దగ్గర వీణ వాయించారు. నెమలీకల విసనకర్ర ముక్కుకి తగిలి తుమ్ములే తుమ్ములు. పక్కకి ఒత్తిగిల్లితే చాలు, "ఏం కావాలి దొరా" అంటూ నౌకర్లు పరుగెత్తుకొచ్చారు. పాపం, నిద్ర కావాలని ఎలా చెప్తాడు?

మర్నాడు కేసన్న వంతు. ఆయన భార్య ముత్తమ్మకి ఉదయం నుంచీ కంగారే.

"రాజుగారి మామకి చారన్నం పెడతామా? మీ కొలువు పోతే పిల్లలకి నేనేం పెట్టను?"

"చారే పెట్టు. అందులో ఉప్పు కాస్త తగ్గించు."

మొగుడికి మతి పోయిందనుకుంది ముత్తమ్మ. అయినా తగ్గించింది.

సాయంత్రం పెద్దాయన రాగానే కాళ్ళకి వేణ్ణీళ్ళు ఇచ్చారు. కట్టుకోవడానికి ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ఇచ్చారు. వసారాలో నవారు మంచం వాల్చి, పక్కన మూతపెట్టిన చెంబుతో నీళ్ళు, చేతికర్ర, చిన్న దీపం ఉంచారు. కేసన్న పెరట్లోకి దారి, వంటింట్లో మజ్జిగ కుండ చూపించాడు.

"ఏం కావాలన్నా మీరే తీసుకోండి దొరా. మమ్మల్ని నిద్ర లేపితే మాకు చెడ్డ కోపం."

తర్వాత భోజనాలకి కూచున్నారు. వేడన్నం, కందిపచ్చడి, కాల్చిన అప్పడం, చారు. పెద్దాయన చారన్నం ఓ ముద్ద తిని ఆగాడు. ఏదో అనబోయి, ఆ మాటతో పాటే ముద్ద మింగేశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాడు. కేసన్న తన అప్పడం తాను నములుతున్నాడు. మారు వడ్డించాక పెద్దాయనకి ఇక ఉండబట్టలేదు.

"అమ్మాయ్, చారులో ఉప్పు తక్కువైంది."

ముత్తమ్మ మొగుడి వైపు గుర్రుగా చూసింది. కేసన్న మాత్రం మహా సంతోషంగా ఉప్పు గిన్నె ఆయన ముందుకి జరిపాడు.

ఆ రాత్రి పెద్దాయన పెట్టిన గురకకి, ఉరుములనుకుని పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకున్నారు.

తెల్లారాక సభ తీరింది. తెర వెనక రాణిగారు కూడా చిలకతో సహా వచ్చి కూచుంది.

"పద్మనాభయ్యగారింట్లో ఎలా ఉంది మామగారూ?"

"దివ్యంగా ఉంది. వంక పెట్టడానికి లేదు."

"కేసన్న ఇంట్లో?"

"చారులో ఉప్పు లేదు. మంచం కిర్రుకిర్రుమంటుంది. మజ్జిగ కుండ మరీ ఎత్తున పెట్టారు, నాలాంటి పొట్టివాడికి అందొద్దూ?"

పద్మనాభయ్య మీసం దువ్వుకున్నాడు. రాజు దిగులుగా, "ఇంకేం చెప్తావు కేసన్నా?" అన్నాడు.

"ప్రభూ, ఇన్నేళ్ళలో తమ కోటలో దొరవారు ఎప్పుడైనా వంటకి వంక పెట్టారా?"

"ఒక్కనాడూ పెట్టలేదు."

కేసన్న పెద్దాయన వైపు తిరిగాడు. "దొరా, మరి తమ ఇంట్లో?"

"రోజూ పెడతాను. పెట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని మా ఆవిడ నుదురు పట్టుకు చూస్తుంది."

కేసన్న చేతులు కట్టుకున్నాడు.

"ఉప్పు తక్కువైందని చుట్టం మనసులో అనుకుంటాడు ప్రభూ. పైకి అనేది ఇంట్లోవాడు."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిజమే అల్లుడుగారూ. నిన్న మా ఇల్లే అనుకున్నాను. ఇవాళ కూడా అక్కడే ఉంటాను. ఆ మంచం కాస్త బాగుచేయించండి."

సభంతా గొల్లుమంది. రాజు కడియం తీసి కేసన్న చేతికి తొడిగాడు. పద్మనాభయ్య రెండు చేతులతో మీసం కప్పుకుని మంగలి కోసం బయల్దేరాడు.

అప్పుడు తెర వెనక నుంచి రాణిగారి గొంతు వినిపించింది.

"ఏమండీ, రేపు నాన్నగారిని కోటకి పిలవండి. చారు నేనే పెడతాను, ఉప్పు లేకుండా."

రాజు పొంగిపోయాడు. ఆ మాట చిలకతో అన్నది కాదు మరి.