అరుగు దిగని అమ్మవారు

కొండ దిగువన అరుగువలస అనే చిన్న ఊరుంది. బస్సు దిగి చింతతోపు దాటితే అమ్మవారి గుడి కనబడుతుంది. గోపురం లేదు, ప్రాకారం లేదు. చూడబోతే పెంకుటిల్లులా ఉంటుంది. కొత్తగా వచ్చినవారు గడప దాటి లోపలికి తొంగిచూసి తెల్లబోతారు. గర్భగుడిలో విగ్రహమే లేదు! పసుపు పూసిన పీట ఒకటి, పీట ముందు దీపం, అంతే.

"అమ్మవారేరమ్మా?" అని అడిగితే పూజ చేసే ఆవిడ నవ్వుతుంది.

"మీరు తల్లిని దాటొచ్చేశారు బాబూ. ఎనక్కి ఎల్లి ఎడంపక్క సూడండి."

నిజమే. గుమ్మానికి ఎడమవైపున మట్టి అరుగు మీద మోకాలెత్తు నల్లరాయి, దానికి పసుపు ముఖం, వెండికళ్ళు. వచ్చే దారినే చూస్తూ తల్లి కూర్చుని ఉంటుంది. పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

తనకోసమే కట్టిన గుడిలోకి తల్లి ఎందుకు వెళ్ళలేదు? ఎండనకా వాననకా వాకిట్లోనే ఎందుకుండిపోయింది? ఈ సందేహం రానివారు లేరు. దానికి ఈ ఊరి పెద్దలు చెప్పుకునే కథ ఇది.

పూర్వం ఇక్కడ గొర్రెలు కాసుకునేవారు ఉండేవారు. ఊరి పేరు కూడా గొర్రెలవలసే. ఆ ఊరికి తవిటమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది. పుట్టిన బిడ్డలు దక్కక ఆమె తల్లి ఈమెను పురిట్లోనే తవుడుకు అమ్మి, మళ్ళీ తెచ్చుకుంది. అందుకని ఆ పేరు. తవిటమ్మ చెయ్యి పడితే వాకిలి నవ్వినట్టుండేది. తెల్లారకముందే కళ్ళాపి జల్లి, ఎర్రమన్నుతో అంచులు తీర్చి, పిండితో ముగ్గు పెడితే తీగ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆమె పెనిమిటి లచ్చన్న మందను తోలుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. మెడ మీద నడవలేని గొర్రెపిల్ల, చేతిలో కర్ర, భుజాన తడిసిన గొంగడి, కాళ్ళకు మోకాళ్ళదాకా బురద. అందుకని తవిటమ్మ వాకిట్లో అన్నీ చేతికందేలా అమర్చుకుంది. గుమ్మం పక్కన అరుగు, గోడకు చిలక్కొయ్య, కాళ్ళు కడుక్కోడానికి చిన్న నీళ్ళగోలెం. ముగ్గు ఎంత పెద్దదేసినా నడిమధ్య ఒక పాదం పట్టేంత దారి విడిచిపెట్టేది. ఆమెకు అదొక గొప్ప సంగతని తోచలేదు. మొగుడు ముగ్గు తొక్కి చెరపకుండా ఉంటే చాలనుకుంది, అంతే.

ఒక ఏడు గొర్రెలకు గాలికుంటు వచ్చింది. గిట్టలు పుండ్లు పడి మందలు మందలే కుంటుతూ కూలబడిపోయాయి. ఆ రోజుల్లోనే లచ్చన్న కొండవాగులో ఒక నల్లరాయిని చూశాడు. జబ్బుపడిన గొర్రెలన్నీ దానిచుట్టూ చేరి పడుకున్నాయి. ఎంత అదిలించినా లేవలేదు. ఏదో మహిమ ఉందనుకుని, రాయిని తలకెత్తుకుని ఇంటికి తెచ్చి, అరుగు మీద దించాడు.

ఊరంతా కదిలొచ్చింది. "తల్లి మనల్ని కాయడానికొచ్చింది. గుడి కట్టాలి" అన్నాడు ఊరిపెద్ద బంగారినాయుడు. ఆడా మగా మట్టి తొక్కి, ఎత్తుగా గోడలు లేపి, గుడి కట్టేశారు. గుడి వాకిలి తీర్చే పని తవిటమ్మకే అప్పగించారు. ఆమె ప్రాణం పెట్టి చేసింది. గడపకు పసుపు, బొట్లు, మామిడి తోరణం, గోడలకు సున్నపు పువ్వులు. నేలమీద గోడ నుంచి గోడ దాకా ఖాళీ లేకుండా ముగ్గు. చూసినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

తీరా తల్లిని తీసుకెళ్దామని చెయ్యి వేస్తే రాయి కదల్లేదు. లచ్చన్న ఒక్కడే మోసుకొచ్చిన రాయి, ఊరి కుర్రాళ్ళంతా పట్టినా తవిటమ్మ అరుగు మీంచి లేవలేదు! వాకిలి చాలలేదేమోనని తవిటమ్మ ఇంకా పువ్వులు కట్టింది, ఇంకా ముగ్గులు చుట్టింది. లాభం లేకపోయింది. మందలో చావులు ఆగలేదు.

బంగారినాయుడి తల్లి దాలమ్మకు నోరు పెద్దది. ఒకనాడు అందరి ముందూ అడిగేసింది.

"ఓలి తవిటీ! తల్లిని నీ అరుక్కి కట్టేసుకున్నావేటే? ఏ మందెట్టినావు?"

"నానేటి సేసేను అత్తా? నా సేతిలో పిండి తప్ప మరేటుంది?"

"ఆ పిండిలోనే ఉంది నీ మాయంతా!"

మాట పాకిపోయింది. తవిటమ్మ నీళ్ళకు వెళ్తే ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. చివరకు నాయుడు పంచాయితీ పెట్టి, వచ్చే మంగళవారం పొద్దు నడినెత్తికి వచ్చేలోగా తల్లి గుడికి చేరకపోతే లచ్చన్న కుటుంబం ఊరు విడిచి పోవాలని తేల్చాడు.

"మంద సచ్చె, ఊరు పోయె. ఎక్కడికెల్తాం మావా?" అంది తవిటమ్మ.

మంగళవారం పొద్దెక్కింది. తవిటమ్మ తన అరుగు మీద తల్లి పక్కనే చతికిలబడింది. అక్కణ్ణుంచి గుడి కనబడుతోంది. ఆ వేళకు నెత్తిన గంపతో ఉప్పమ్ముకునే ముసలమ్మ ఒకతి ఊళ్ళోకి వచ్చింది. గుడి ముందు ఆగింది. గంప దించడానికి అటు చూసింది, ఇటు చూసింది. ముగ్గు అంచున ఒక కాలు ఎత్తి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చుట్టూ తిరిగి తిన్నగా తవిటమ్మ ఇంటికొచ్చి, ఎవరూ పిలవకుండానే గంప అరుగు మీద దించింది. గోలెంలో నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కుంది. అమ్మవారి పక్కన కూలబడి "అమ్మయ్య" అంది.

తవిటమ్మ ఆశ్చర్యపోయింది. "గుడికాడ దిగలేదేటి అవ్వా? నీడగుంది గదా."

"బాగుందే తల్లీ, శానా బాగుంది. అడుగెట్టడానికే బయమేసింది. ఇంత సక్కంది తొక్కితే ఎవులు తిడతారోనని. సూసి వచ్చీసినాను."

తవిటమ్మ చటుక్కున లేచింది. నీళ్ళగోలెం చంకనెత్తుకుని, "మావా, పార తే!" అని కేకేసి గుడికి పరుగెత్తింది.

గోలెం పక్కన పెట్టి, ముగ్గు నడుమ మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో తుడిచెయ్యసాగింది. దాలమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"సుబమా అని ఏసిన ముగ్గు సెరుపుతావేటే? మతిపోనాదా?"

"ఇది సూడ్డానికేసిన ముగ్గు అత్తా. లోపలికి రాడానికి దారుంచలేదు నాను. కూకోడానికి అరుగు లేదు, కాళ్ళకి నీళ్ళు లేవు. వచ్చినోళ్ళు ఏటి సేస్తారు?"

ముందుగా కుర్రాళ్ళు కదిలారు. రాళ్ళు పేర్చి, మట్టి తొక్కి, గుమ్మానికి ఎడమపక్కన అరుగు లేపారు. గోడకు కొయ్య దిగింది. అటు లచ్చన్న వెళ్ళి రాయి మీద చెయ్యి వేశాడు. గొర్రెపిల్లలా లేచొచ్చింది! మెడ మీద పెట్టుకుని, ముగ్గు నడుమ విడిచిన దారిలో అడుగులు వేసుకుంటూ గుడి దాకా వచ్చాడు. మట్టి తొక్కిన బురద కాళ్ళతో గడప ఎలా దాటేది? "ఒక్క చిటికె తల్లీ" అని రాయిని కొత్త అరుగు మీద దించి, కాళ్ళు కడుక్కున్నాడు.

మళ్ళీ ఎత్తబోతే లేవలేదు.

పచ్చిమట్టి కదా, తల్లి అందులో కుదురుకుని కూర్చుండిపోయింది. ఇప్పటికీ అమ్మవారు కాస్త ఒక పక్కకు వాలి ఉండడానికి కారణం అదేనంటారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అందరి చూపులూ తవిటమ్మ మీదికి మళ్ళాయి. నాయుడు గొంతు సవరించుకున్నాడు. "గుడికొచ్చింది గానీ, గడప దాటలేదు గదా…"

అటూ ఇటూ తిరిగి అలసిపోయిన దాలమ్మ అప్పటికే కాళ్ళు కడుక్కుని, అరుగు అంచున తల్లి పక్కన కూర్చుని ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుని కొడుకు వైపు చూసింది.

"ఓరి నాయుడా, మనింటికి సుట్టమొస్తే ఎక్కడ కూకుంటే అదే ఆళ్ళ సోటు. లోనికి రమ్మని రెక్కట్టుకు లాగుతామేటి? ఆ తల్లికి వాకిలే నచ్చింది. ఉండనీ. తవిటీ, నువ్వూ ఇలా వచ్చి కూకో. ఇందాకట్నించీ నిలబడే ఉన్నావు."

తవిటమ్మ ఆమె పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను ఊరు విడవమన్నవారు మరి లేరు. ఆ వారంలోనే మిగిలిన గొర్రెలు లేచి మేతకు నడిచాయి. ఊరికి అరుగువలస అనే పేరు నిలిచింది. ఉప్పు ముసలమ్మ సంగతి అడిగితే ఆవిడే అమ్మవారని కొందరంటారు. కాదు, ఉప్పమ్ముకునే మనిషేనని కొందరంటారు. ఎవరైతేనేం, ఆమె మళ్ళీ ఈ దారిన వచ్చినట్టు చూసినవారు లేరు.

ఈనాటికీ తవిటమ్మ వంశంలోని ఆడవారే ఇక్కడ పూజ చేస్తారు. మంగళవారాలు భక్తులు దోసెడు ఉప్పు తెచ్చి అరుగు మీద పోస్తారు. ఈ ఊళ్ళో కొత్త ఇల్లు కట్టేవారు పొయ్యి వేయకముందే అరుగు వేస్తారు. ఏ వాకిట్లో ముగ్గు చూసినా నడుమ పాదమంత దారి విడిచి ఉంటుంది. వాకిలి ఇలా ఉంచుకున్న ఇంటికి అలిగి వెళ్ళినవారు తిరిగి వస్తారని, వచ్చినవారు ఆకలితో పోరని, పసిబిడ్డలూ పశువులూ చల్లగా ఉంటారని నమ్మకం.

మొన్నామధ్య విశాఖపట్నం నుంచి కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న ఒకావిడ వచ్చి, తల్లి పక్కన చాలాసేపు కూర్చుంది. వెళ్ళబోతూ పూజ చేసే ఆవిడను దిగులుగా అడిగింది.

"మాకు అరుగెక్కడుందమ్మా? తలుపు తీస్తే వరండా, ఎదురుగా లిఫ్టు. చెప్పుల స్టాండు పెట్టడానికే చోటు లేదు. అమ్మ మా ఇంటికి ఎలా వస్తుంది?"

పూజ చేసే ఆవిడ ఆమె నుదుట బొట్టు పెట్టి, దోసిట్లో చిటికెడు ఉప్పు పోసింది.

"సెప్పులు ఓ మూలకి సర్దీ తల్లీ. ఆ పక్కన సిన్న పీటెయ్యి. మీ ఇంటికి నీళ్ళ డబ్బా మోసుకొచ్చినోడు ఓ పాలి దానిమీద కూకున్నాడంటే, అమ్మ వచ్చినట్టే."