బురదలో దిగబడిన గంటయ్య

ఎండలు ముదిరాయి. మడుగులో నీళ్ళన్నీ ఇంకిపోయి మెత్తటి బురద మిగిలింది. గట్టు మీద గడ్డిపోచ లేదు. బురద నడుమ ఉన్న దిబ్బ మీద మాత్రం పచ్చిక నవనవలాడుతోంది.

ఆ గట్టున తిరిగే మేకల మందకు పెద్ద గంటయ్య. మెడలో గంట ఉన్నది ఆ మేకపోతుకే. అతను కదిలితే మంద కదలాలి, ఆగితే ఆగాలి. అంతటి గంటయ్యకు ఈ మధ్య కంటి మీద కునుకు లేదు. కారణం వరాలు అనే బాతు.

వరాలు ఆ బురద మీద, చాప పరిచి ఉన్నట్టు తాపీగా నడిచిపోయేది. దిబ్బ మీది లేత గడ్డి ముక్కున కరుచుకొచ్చి మేకపిల్లల నోట్లో పెట్టేది. "వరాలత్తొచ్చిందోయ్!" అని పిల్లలు గంతులేస్తుంటే గంటయ్యకు ఒళ్ళు భగ్గున మండేది.

"వంకరకాళ్ళేసుకుని ఊగుతూ నడిచేదానికి ఇంత వైభోగమా! గుట్ట కొసన నేను నిలబడితే ఒక్కరన్నా అబ్బో అన్నారా?" అని పెళ్ళాం చుక్కమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"గుట్ట మీద గడ్డి లేదు కదయ్యా," అంది చుక్కమ్మ. "పిల్లలేమో ఇకమీదట వరాలత్త చెప్పినట్టే వింటామంటున్నారు."

ఆ మాటతో గంటయ్య గుండెల్లో రాయి పడింది. ఇంకేముంది, తన పెద్దరికం కాస్తా బాతు పాలవుతుంది! కుళ్ళుకుని కుళ్ళుకుని చివరికొకటి కనిపెట్టాడు. 'దాని గొప్పేముంది? ఊదితే ఎగిరిపోయే ప్రాణం, తేలిక కాబట్టి నడుస్తోంది. నేనూ తేలికైతే సరి!'

ఆ పూట నుంచే తిండి మానేశాడు మహానుభావుడు. వరాలు గడ్డి తెచ్చి, "కాస్త తిను అన్నా, డొక్కలు అంటుకుపోయాయి," అంటే, "నీ సొమ్ము నాకెందుకే?" అని మొహం తిప్పుకున్నాడు.

పక్కటెముకలు బయటపడ్డాక మందనంతా గట్టు మీద నిలబెట్టాడు. "చూడండర్రా, నడవడమంటే ఏంటో!" అని బురదలోకి దూకాడు.

నాలుగు అడుగులైనా వేశాడో లేదో, మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఒక కాలు పైకి లాగితే మిగతా మూడూ ఇంకా లోపలికి పోయాయి. తన్నుకునేకొద్దీ దిగిపోతున్నాడు. పిల్లలు లబోదిబోమన్నారు.

వరాలు పరుగున వచ్చింది. "తన్నుకోకు అన్నా! కాళ్ళు మడిచి పొట్ట మీద పడుకో!"

"నీ ముందు సాగిలపడనా? చస్తే పడను! అయినా పస్తులుండి పుల్లనైతిని, ఇంకా ఎందుకే దిగబడటం?"

"అదిగో, అటు చూడు." గట్టు వారగా బురదలో పడుకుని ఓ గేదె నెమరేస్తోంది. "దాని బరువు ముందు నువ్వెంత? పొట్టంతా పరుచుకుని పడుకుంది, మునిగిపోయిందా? నీ బరువంతా ఆ నాలుగు చిన్న గిట్టల కిందే పడుతోంది. అంత ఇరుకు చోటు మీద ఒత్తిడి ఎక్కువై బురద తొలుచుకుపోతోంది. అదే బరువు పొట్టంతా పరిస్తే ఒత్తిడి తగ్గుతుంది. నా కాలివేళ్ళ మధ్య తోలు చేసే పనీ అదే."

బురద పొట్టకు తగిలింది. ప్రాణం ముందు పంతం ఏపాటిది? గంటయ్య పళ్ళు నూరుకుంటూ ఆ బాతు కాళ్ళ ముందే బోర్లా పడుకున్నాడు. దిగిపోవడం ఆగింది! ఒక్కో కాలూ మెల్లగా ఊడదీసుకుని, గడ్డం బురదలో ఈడ్చుకుంటూ పాకి పాకి గట్టెక్కాడు.

ఈలోగా చుక్కమ్మకు బుర్ర వెలిగింది. "అయితే మన కాళ్ళ కింద వెడల్పుగా ఏదన్నా ఉంటే చాలుగా!" అంటూ గట్టున రాలిపడిన తాటాకులు పళ్ళతో ఈడ్చుకొచ్చి బురద మీద వరసగా పరిచింది. వరాలు ముందు నడిచి దారి చూపింది. మేకలన్నీ ఆ ఆకుల మీదుగా దిబ్బకేసి బయల్దేరాయి.

"ఆగండర్రా! పెద్దను, నేను ముందు నడవాలి!" అని గంటయ్య లేవబోయాడు. పస్తుల కాళ్ళు వణికి చతికిలపడ్డాడు.

ఒక్క మేకా ఆగలేదు. చుక్కమ్మ మాత్రం వెనక్కి తిరిగి, "నువ్వు లేవకయ్యా, అలాగే పడుకో. మేం తినొస్తాం," అని చక్కా పోయింది.

బురద ఒక్క బరువునే చూడదు, ఆ బరువు ఎంత చోటు మీద పడిందో కూడా చూస్తుంది. కుళ్ళుతో చూసే కంటికి ఆ తేడా కనబడదు.