మెట్ల మీద కుర్చీ

సువార్తకి ఉద్యోగం ఇవ్వడానికి అందరూ సిద్ధమే. అనుభవం ఉంటే చాలన్నారు.

ఎం.ఫార్మసీ చదివింది ఆ పిల్ల. మందుల గురించీ జబ్బుల గురించీ మామూలు జనానికి అర్థమయ్యేట్టు రాయాలని కోరిక. మెడికల్ రైటర్ అంటారుగా, అదన్నమాట. హైదరాబాదు కంపెనీలకి మెయిళ్లు పెడితే, "ఇంతకుముందు అచ్చయినవి ఏమున్నాయి?" అన్నారు. పోనీ అచ్చెయ్యండి అని పత్రికల వాళ్లనడిగితే, "ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు?" అన్నారు. వీళ్లు వాళ్లని చూపిస్తారు, వాళ్లు వీళ్లని చూపిస్తారు. పోనుపోను జవాబులే రావడం మానేశాయి.

"పేరేమో సువార్త. ఇంటికి ఒక్క మంచి కబురన్నా తేవేమే?" అనేవాడు వాళ్లన్నయ్య. నవ్వుతూనే అనేవాడు, పాపం చెడ్డవాడు కాదు. కానీ కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి, సువార్తకి ముద్ద దిగేది కాదు.

అలా తిరిగి తిరిగి డాక్టర్ తాయారమ్మగారి దగ్గర తేలింది.

తాయారమ్మగారు ఊపిరితిత్తుల డాక్టరు. ప్రాక్టీసు ఎప్పుడో మానేసింది. గుంటూరు కొత్తపేటలో, మందుల షాపు ఉన్న మేడ మీద, పై అంతస్తులో చిన్న గది తీసుకుని, అక్కణ్ణుంచి ఆరోగ్యం మీద ఒక మాసపత్రిక నడిపేది. లిఫ్టు లేదు. మెట్లు చూస్తే నిచ్చెన నిలబెట్టినట్టుంటాయి. ఆవిడ కూడా మోకాళ్లు పట్టుకునే ఎక్కేది. ఎక్కాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

"మేడం, మీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను," అంది సువార్త.

"నేర్పడం నాకు రాదమ్మాయ్. రాస్తే చదువుతా," అందావిడ.

నిజంగా అంతే. సువార్త రాసి ఇచ్చేది. ఆవిడ చదివి, ఎక్కడో ఒక మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి వెనక్కిచ్చేది. ఎందుకు చుట్టిందో చెప్పేది కాదు.

"తప్పా మేడం?"

"తప్పని నేనన్నానా?"

"మరి?"

"చూసుకో."

ఏం చూసుకోవాలి? సువార్తకి ఏడుపొచ్చేది. ఒక మాట మారిస్తే ఇంకో మాటకి సున్నా పడేది. ఇలాగైతే తన పేరు అచ్చులో చూసుకునేదెప్పుడు, ఉద్యోగం వచ్చేదెప్పుడు? బస్సు కిటికీలోంచి చూస్తే, ఊళ్లో అందరికీ పోయే చోటు ఉన్నట్టూ, తనొక్కతే ఊరికే తిరుగుతున్నట్టూ ఉండేది.

అలాంటి రోజుల్లోనే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు గురించి ఒక వ్యాసం రాసింది. మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి ఎండిన బీరపీచులా అయిపోతుంది, మనిషికి ఊపిరి చాలదు. దానికి ఒక బిళ్ల ఉంది. ఆ బిళ్ల మీద విదేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ కూర్చుని చదివింది. జబ్బు ముదిరే వేగం తగ్గిందని వాటిల్లో ఉంది. జనానికి తేలిగ్గా ఉంటుందని దాన్ని కుదించి, "ఈ బిళ్ల వాడితే జబ్బు తగ్గుతుంది" అని రాసింది.

తాయారమ్మగారు "తగ్గుతుంది" చుట్టూ సున్నా చుట్టింది.

ఈసారి సువార్త ఊరుకోలేదు. "మేడం, వాళ్ల పేపర్లో తగ్గిందనే ఉంది. కావాలంటే చూపిస్తా. డిక్షనరీలో కూడా అదే మాట."

"ఉంటది," అందావిడ. పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

ఆ వారమే ఆవిడ కంటి ఆపరేషన్‌కి వెళ్లింది. పత్రిక ప్రెస్సుకి పంపే పని సువార్త మీద పడింది. ఆ సున్నా వంక చూసింది. పెద్దావిడ చాదస్తం అనుకుంది. రబ్బరు తీసుకుని చెరిపేసి, ఉన్నదున్నట్టు పంపేసింది.

అచ్చయింది. కింద పేరు, సువార్త. అన్నయ్య ఆ పేజీ మడిచి టీవీ పక్కన నిలబెట్టాడు, వచ్చినవాళ్లందరికీ కనపడేట్టు. ఆ పేజీనే కంపెనీకి పంపితే, ఇన్నాళ్లకి జవాబొచ్చింది. బాగుంది, వచ్చే వారం ఇంటర్వ్యూకి రండి అని. ఇక దారి దొరికిందనుకుంది పిల్ల.

తాయారమ్మగారు కంటికి నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. అచ్చయిన పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. దాన్ని మడిచి పక్కన పెట్టేసి, వచ్చే నెల కాగితాలు ముందుకి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

ఆ మర్నాడు పొద్దున, ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు.

చెప్పులు నాలుగడుగులు వేశాయి. ఆగాయి. దగ్గు. పొడి దగ్గు, ఎంతకీ తెగదు. మళ్లీ రెండడుగులు. మళ్లీ ఆగాయి.

తాయారమ్మగారు తలెత్తి వింది. ఎన్నేళ్లయినా ఛాతీ డాక్టరు చెవి గదా. లేచి, తను కూర్చునే కేన్ కుర్చీని రెండు చేతులా ఎత్తింది.

"మేడం, నేను తెస్తా ఉండండి!"

"తే."

సువార్త కుర్చీ పట్టుకుని ఆవిడ వెనకాలే దిగింది. మెట్ల మలుపు దగ్గర ఒకాయన గోడకి చెయ్యానించి నిలబడున్నాడు. నెరిసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, జేబులో మడిచిన పత్రిక, చేతిలో మిఠాయి పొట్లం. తాయారమ్మగారు కుర్చీని ఆ మలుపులోనే వేయించింది. "కూర్చో నాయనా. ముందు ఊపిరి రానీ," అంది. తను మెట్ల కమ్మీ పట్టుకుని పక్కకి నిలబడింది. సువార్తకి మెట్టు చూపించింది, కూర్చోమని.

ఆయన ఊపిరి చిక్కబట్టుకునేసరికి చాలాసేపు పట్టింది. అప్పుడు నవ్వాడు.

"సువార్తగారంటే?"

"నేనే బాబాయ్."

"నువ్వా తల్లీ! చిన్నపిల్లవే! పేరు చూసే నమ్మకం కుదిరిందమ్మా. మా పక్కింటి పాస్టరుగారు చెప్పాడు, సువార్తంటే మంచి కబురంట గదా." పొట్లం ఆ పిల్ల ఒళ్లో పెట్టాడు. "కాజాలు. నీకోసమే తెచ్చా."

ఆయన పేరు మస్తాన్ వలీ. పాత గుంటూరులో పెళ్లి బ్యాండులో క్లారినెట్టు వాయిస్తాడు. వాయించేవాడు.

"ఈ మాయదారి బిళ్లలు మింగితే కూడు సయించదమ్మా. వాంతులు. తిక్కరేగి ఆపేశా. మావాడెవడో నువ్వు రాసింది తెచ్చి చదివిచ్చాడు. తగ్గుద్దని రాశావుగా? అంత చదువుకున్న పిల్ల రాసిందంటే ఊరికే రాయదుగా అని మళ్లీ మొదలెట్టా. తగ్గేదాకా ఓర్చుకుంటే పోలా! బ్యాండు మాస్టరుకి చెప్పేశా, ఒరే, నా జాగా ఎవుడికీ ఇవ్వబాక, మూఢం వెళ్లి పెళ్లిళ్లు మొదలయ్యేసరికి వచ్చేస్తానని. అంతేగా తల్లీ? అప్పటికి తగ్గిపోద్దిగా?"

సువార్త తాయారమ్మగారి వంక చూసింది. ఆవిడ కింద మెట్లకేసి చూస్తోంది.

"బాబాయ్, అంటే... ఆ మందు వల్ల వ్యాధి పురోగతి తగ్గుతుందన్నమాట."

"పురోగతా? మంచిదేగా!"

"కాదు బాబాయ్... పూర్తిగా తగ్గదు."

"పర్లేదులే అమ్మా, పూర్తిగా ఎవుడడిగాడు? ఊరేగింపంతా నేనే ఊదాలా ఏంటి, కుర్రాళ్లున్నారు. కొంచెం తగ్గితే చాలు. పెళ్లికూతురొచ్చేటప్పుడు ఒక్క పాట."

సువార్త ఒళ్లోని పొట్లం వంక చూసుకుంది. ఇంత చదివింది, తనకొచ్చిన మాటల్లో ఒక్కటీ ఈ మనిషి దాకా వెళ్లడం లేదు. వెళ్లిన ఒక్క మాటా తప్పుగా వెళ్లింది. ఇంకో సంగతి కూడా తడుతోంది ఆ పిల్లకి. ఆ తప్పు మాట వల్లే ఈయన బిళ్లలు మింగుతున్నాడు. నిజం చెప్తే ఆపేస్తాడేమో. చెప్పకపోతే, మూఢం వెళ్లాక క్లారినెట్టు తీస్తాడు.

మళ్లీ తాయారమ్మగారి వంక చూసింది. ఆవిడ తల తిప్పలేదు.

"తగ్గదు బాబాయ్," అంది సువార్త. "పెరుగుద్ది. బిళ్ల వేసుకుంటే మెల్లగా పెరుగుద్ది. వేసుకోకపోతే తొందరగా పెరుగుద్ది. అంతే."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

"మరి తగ్గుద్దని రాశావే?"

"తప్పు రాశాను."

"జొరం తగ్గిందంటే ఏంటమ్మా? పోయిందనేగా?"

"అవును బాబాయ్."

కింద షాపులో ఎవరో మందు పేరు గట్టిగా చెప్తున్నారు, అవతలివాళ్లు వినపడక మళ్లీ చెప్పమంటున్నారు.

"అయితే క్లారినెట్టు..."

"లేదు బాబాయ్."

ఆయన తలూపాడు. జేబులోంచి పత్రిక తీసి, మడతలు సాపు చేసి, ఏం చెయ్యాలో తోచక మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఈ మాటేదో అప్పుడే రాసుంటే, ఇన్ని మెట్లు ఎక్కేవాణ్ణి కాదుగదమ్మా," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తట్టుకునేది సువార్త.

లేవబోతూ అడిగాడు, "మింగమంటావా మరి?"

"మింగు బాబాయ్. వాంతులు రాకుండా వేరే మందుంటది, మీ డాక్టరుగారినడుగు. ఆపబాకు."

మింగుతాననీ అనలేదు, మింగననీ అనలేదు. సువార్త పొట్లం వెనక్కివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనీ తల్లీ. ఇచ్చింది తీసుకెళ్తే బాగోదు."

దిగాడు. దిగేటప్పుడు కూడా మధ్యలో ఆగాడు. వాళ్లిద్దరూ ఆ ఆగడం విన్నారు. మళ్లీ చెప్పుల చప్పుడు మొదలయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"మేడం, ఈ పని నావల్ల కాదు. మానేస్తాను," అంది సువార్త.

తాయారమ్మగారు కమ్మీ పట్టుకుని పైకెళ్లిపోయింది.

చాలాసేపు ఆ మెట్టు మీదే కూర్చుంది పిల్ల. ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. చూపించడానికున్నది ఆ ఒక్క పేజీ. టీవీ పక్కన నిలబెట్టిన పేజీ గుర్తొచ్చింది. రేపు అన్నయ్యకేం చెప్పాలి? ఆ తప్పు తనకీ మేడంకీ తప్ప ఎవరికీ కనపడదు, కంపెనీవాళ్లకి అసలే కనపడదు. మెట్లెక్కి వచ్చిన మనిషికి మాత్రం తగిలింది.

లేచి పైకి వెళ్లింది. కాగితం తీసుకుని రాసింది.

"పోయిన నెల ఊపిరితిత్తుల జబ్బు గురించి నేను రాసిన మాట తప్పు. ఆ బిళ్లతో జబ్బు తగ్గదు. పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే మెల్లగా. ఆ మెల్లగా కోసమే బిళ్ల. ఆపకండి. సువార్త."

అదే కాగితం ఫోటో తీసి కంపెనీకి కూడా పంపింది. నేను పంపిన పేజీతో పాటు ఇది కూడా చూడండి అని. దానికి జవాబు ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇంటర్వ్యూ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఫోటో పంపాక, కాగితం తాయారమ్మగారి ముందు పెట్టింది. ఆవిడ నల్లద్దాలు తీసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. పెన్సిల్ చేతిలోకి తీసుకుంది. మొదటి నుంచీ మళ్లీ చదివింది. పెన్సిల్ పక్కన పెట్టేసింది.

ఒక్క సున్నా లేదు. ఎన్నాళ్ల నుంచో దీనికోసమే ఎదురుచూసింది ఆ పిల్ల. ఇప్పుడు చూస్తే సంతోషం రాలేదు.

ఆవిడ ఇంకా నిలబడే ఉందని అప్పుడు గమనించింది.

"అయ్యో, మీ కుర్చీ అక్కడే ఉండిపోయింది మేడం. తెచ్చేస్తాను."

తాయారమ్మగారు కిటికీ గట్టు మీద సర్దుకుని కూర్చుంది. కాజాల పొట్లం విప్పి, ఒకటి సువార్త చేతిలో పెట్టింది.

"అక్కడే ఉండనీ," అంది. "నువ్వింకా రాస్తావుగా. ఎవరో ఒకరు ఎక్కుతారు."