పాదాల పొగడమ్మ వెలసిన వైనం

పూర్వం, అనగా మా మనవలకు పూర్వమే కాని నా కళ్ళకు నిన్నమొన్నటిదే, ఆంగీరస నామ సంవత్సరం జ్యేష్ఠ బహుళ ఏకాదశి శుక్రవారం నాడు, ఉదయం పదిన్నర గంటలకు రాహుకాలం ప్రవేశించిన వేళ, విజయనగరానికి పడమటి శివారున ఉన్న మజ్జివారి తోట కాలనీలో, మా ఇంటి పెరట్లో, పొగడచెట్టు రూపాన నిలిచిన తల్లి తన పాదాలను లోకానికి చూపదలచింది. ఆ వైభవాన్ని కన్నులారా చూసే భాగ్యం నాకు దక్కింది గనుక ఉన్నది ఉన్నట్టు విన్నవిస్తున్నాను.

ఆ తోటను ఇళ్ళ స్థలాలుగా కోసి అమ్మినప్పుడు మామిళ్ళూ పనసలూ అన్నీ నేలకూలాయి గాని, అమ్మవారి దండలకు పూలిచ్చిన చెట్టని ఈ ఒక్క పొగడ మీద మాత్రం ఎవ్వరూ గొడ్డలి వెయ్యలేదట. మా అత్తగారు వరహాలమ్మగారు దాని నీడలో నిలబడి ఇక అడుగు కదపనంటే, మా మామగారు సన్యాసిరావుగారు వేరే మాట లేకుండా ఆ స్థలమే కొని, చెట్టుకు ఎడంగా ఇల్లు కట్టించారు. ప్రహరీగోడకు దగ్గరగా ఉండటం చేత దాని కొమ్మల్లో సగం మా మీదా, సగం పక్కింటి పైడమ్మగారి మీదా పరచుకుని, వేసవి తెల్లవారుజామున రెండిళ్ళ వాకిళ్ళలోనూ సమానంగా పూలు రాల్చేవి.

నా పెళ్ళికి మూడేళ్ళ ముందు మా వారికి విషజ్వరం తగిలి, వైద్యులు సైతం చేతులు నలుపుకుంటున్న సమయాన, అత్తగారు ఆ చెట్టును కౌగలించుకుని, నా కొడుకు లేచి తిరిగితే నీకు గద్దె కట్టించుకుంటాను తల్లీ అని మొక్కుకున్నారు. తల్లి కరుణించింది, ఆయన లేచారు. అత్తగారు మాట తప్పలేదు. మానును ఒరుసుకుని మోకాలెత్తు గద్దె కట్టించి, లోపల మట్టి కూరి, పైన ఎర్రగచ్చు చేయించి, అద్దంలా తుడిపించి, ప్రతి శుక్రవారం పసుపునీళ్ళూ పాలూ కొబ్బరినీళ్ళూ మాను వెంట ఆ గద్దెలోకే ధారపోశారు.

నేను కోడలినై ఆ ఇంట అడుగుపెట్టేసరికి చెట్టు చిక్కిపోయి ఉంది. ఆకు చిన్నదైపోయింది, చిటారుకొమ్మ ఎండిపోయింది, రెండు వేసవులుగా పువ్వన్నది లేదు. సేవలో లోపం జరిగిందేమోనని అత్తగారు తల్లడిల్లి, గద్దె మీద ఇంకొక వరుస ఇటుక పేర్పించి నడుమెత్తు చేయించారు, రెండు బిందెలు పోసే చోట నాలుగు పోయసాగారు. ఎంత సేవ చేస్తే అంత క్షీణించిందే గాని తల్లి కోలుకోలేదు.

వైశాఖమాసపు గాలివానకు ఎండుకొమ్మ ఒకటి విరిగి పైడమ్మగారి వంటింటి రేకుల మీద పడింది. ఆవిడ అప్పుడే గిన్నె కడగడానికి బయటికి వెళ్ళడం వల్ల బతికిపోయింది. మర్నాడు గోడ అవతల నిలబడి, “వరహాలప్పా, నైవేద్యాలేమో నీ చేత తింటన్నాది, చెయ్యేమో మా ఇంటి మీద చేసుకుంటన్నాది. ఇదేటి న్యాయం?” అంది. నవ్వుతూనే అంది గాని ఆ నవ్వులో భయం ఉంది. మామగారు ఆ రాత్రే నిశ్చయించుకున్నారు. ఇంకొక కొమ్మ పడి మనిషి పోతే జవాబు చెప్పేదెవరని, వానలు దిగేలోగా చెట్టు కొట్టించెయ్యాలని అన్నారు. కొట్టేవాళ్ళకు తీరికైనది ఆ శుక్రవారమే. శుక్రవారం పూట ఆడకూతుర్ని గడప దాటించరని అత్తగారు కళ్ళొత్తుకుంటే, వానకు వారం వర్జ్యం తెలియవని ఆయన సమాధానం చెప్పారు.

ఆనాడు గురువులు అనే మేస్త్రీ తన మనుషులతో, గొడ్డళ్ళతో, మోకులతో వచ్చేసరికి సరిగ్గా రాహుకాలం పెట్టింది. ఆ వేళప్పుడు మాను మీద చెయ్యి వెయ్యకూడదని, పన్నెండు దాటాక చూద్దామని వాళ్ళు నీడన కూర్చుని చుట్టలు ముట్టించారు. ఏకాదశి ఉపవాసంతో ఉన్న అత్తగారు మాత్రం, దుర్గమ్మకు దీపం పెట్టే వేళ ఇదే గనుక కూతుర్ని సాగనంపినట్టే సాగనంపుతానని, చీరా రవికెలగుడ్డా గాజులూ పసుపుముద్దా పళ్ళెంలో సర్ది నా చేతికిచ్చి నడిచారు. మానుకు చీర చుట్టారు, రెమ్మకు గాజులు తొడిగారు, బొట్టు పెట్టారు. ఇక ముత్తైదువకు చెయ్యవలసినది పాదాలకు పసుపు. ఆవిడ పసుపుముద్ద తీసుకుని వంగారు.

వంగిన మనిషి అలాగే ఉండిపోయారు. నున్నని గచ్చు మీద చెయ్యి తడుముకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చారు. పాతిన రాటలాగా మాను తిన్నగా గచ్చులోకి దిగిపోయింది గాని, పాదమన్నది ఎక్కడా లేదు.

“పిల్లా, అమ్మ పాదాలేవే?” అని నన్నడిగారు.

గచ్చు కట్టక మునుపటి తల్లిని నేనెరగను. ఆవిడకే గుర్తుకొచ్చింది. స్థలం కొన్న కొత్తలో మొదలు వెడల్పై, వేళ్ళు నేల మీద అటూ ఇటూ కాలివేళ్ళలా పరచుకుని ఉండేవనీ, ఆ సందుల్లోనే దీపం పెట్టేదాన్ననీ ఆవిడ చెబుతూ ఉండగానే, గద్దె లోపలినుంచి పెళ్ళుమని చప్పుడైంది. మా కళ్ళెదుటే ఎర్రగచ్చు మీద, మాను దగ్గరనుంచి అంచు దాకా, పాపిట తీసినట్టు ఒక బీట పాకింది. ఎండకు పగిలిందని మామగారన్నారు. మాకెవ్వరికీ అలా తోచలేదు.

సేవ అనుకున్నదే శిక్ష అయినదని అత్తగారికి ఆ క్షణాన తెలిసిపోయింది. అయినా గద్దె తీయించే ధైర్యం చాలలేదు. ఆ గద్దె కొడుకు ప్రాణం పేరు చెప్పి కట్టినది. కట్టినవాళ్ళే మొక్కు కూలగొడితే, ఇచ్చిన ప్రాణం తల్లి మళ్ళీ అడిగితే? ఆవిడ నేల మీద చతికిలబడి ఆ ఒక్క మాటే పైకి అన్నారు. పెళ్ళై ఏడు నెలలైన నేను, నాకు తెలియకుండానే సూత్రం గుప్పిట పట్టుకున్నాను. పన్నెండైతే గొడ్డళ్ళు లేస్తాయి.

అప్పుడు మా వారు దొడ్లోంచి గునపం తెచ్చారు. “నా ఊపిరి నిలబెట్టిన తల్లికి ఊపిరాడకుండా కట్టేం కదమ్మా. మొక్కింది ఆవిడకి, గచ్చుకి కాదు. నేను తీస్తాను” అన్నారు.

అత్తగారు దిగ్గున లేచి ఆ గునపం లాక్కున్నారు. అంతవరకూ ఆవిడ గొంతు వీధి గుమ్మం దాటి విన్నవాళ్ళు లేరు. చెట్టుకేసి తిరిగి, “తల్లీ, తెలీక కట్టేను, తెలిసి తీస్తన్నాను. కోపమొస్తే నాతో చూసుకో. పిల్లాడి జోలికి రాకు” అని మొదటి దెబ్బ వేశారు.

ఆ తరువాత జరిగిన సంబరం ఏమని చెప్పను! చుట్టలు పారేసి మేస్త్రీ మనుషులు లేచారు. రాహుకాలంలో మాను మీద గొడ్డలి కూడదు గాని గచ్చు మీద గునపం కూడదని ఏ పంతులూ చెప్పలేదని గురువులు అంటే, మామగారు కూడా నవ్వేశారు. పైడమ్మగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపి తట్ట పట్టుకుని వచ్చింది. గచ్చు పోయింది, ఇటుకలు పోయాయి, ఏళ్ళ తరబడి పోసిన పాలు కుళ్ళిన మట్టి నల్లగా కంపు కొడుతూ బయటపడింది. బెరడు దగ్గరికి వచ్చాక ఇనుము తగలకూడదని గునపాలు పక్కన పెట్టి అందరం చేతులతోనే తవ్వాం. ఊపిరాడని ఒక వేరు మొదలు చుట్టూ తిరిగి బిగిసిన కడియంలా ఒరుసుకుని ఉంటే, గురువులు చిన్న కత్తితో సుతారంగా దాన్ని తెగ్గోశాడు. పన్నెండు కావస్తూండగా మట్టి కిందినుంచి, ఒకటొకటిగా, అటు అయిదూ ఇటు అయిదూ, అచ్చం నిలబడిన ముత్తైదువ కాలివేళ్ళలా తల్లి పాదాలు వెలికి వచ్చాయి! అత్తగారు సాగనంపడానికి తెచ్చిన పసుపునే స్వాగతం పలుకుతూ ఒక్కొక్క వేలికీ అద్దారు. పైడమ్మగారు మంగళహారతి ఎత్తుకుంది.

పన్నెండు దాటింది. గురువులు మోకు చేతబట్టి మామగారి ముఖం చూశాడు. ఆయన ఆ పాదాలకేసి చూసి, ఎండిన కొమ్మల వరకే దింపమనీ, ఒక్క వానాకాలం తల్లికి గాలి తగలనిద్దామనీ అన్నారు.

ఆ వానాకాలం గడిచింది, మరుసటి వైశాఖానికి రెండిళ్ళ వాకిళ్ళూ తెల్లబారేటట్టు పూలు రాలాయి. మా వారికి ఆనాటినుంచి ఈనాటి దాకా తలనొప్పైనా వచ్చిన పాపాన పోలేదు. నాటినుంచి ఆ తల్లికి పాదాల పొగడమ్మ అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ అక్కడ గద్దె లేదు, గచ్చు లేదు, మేకు కొట్టడం లేదు. శుక్రవారం కాలివేళ్ళకు చిటికెడు పసుపు మాత్రమే తాకిస్తాం. రాలిన ఆకు ఊడ్చి పారబొయ్యకుండా నీడంతా పరుస్తాం. జ్యేష్ఠ బహుళ ఏకాదశికి కాలనీ ఆడవాళ్ళందరూ వచ్చి పాదాల పండుగ చేస్తారు. నీళ్ళు మాత్రం మాను మొదట్లో ఎవ్వరూ పొయ్యరు. కొమ్మ ఎంత దూరం పోతే వేరూ అంత దూరం పోతుందని, కొబ్బరిచెట్టుకైనా ఎరువు మొదలుకు ఎడంగానే వేస్తారని మామగారు ఆ సాయంత్రమే చెప్పారు గనుక, నీడ అంచు వెంబడే బిందెలతో ప్రదక్షిణం చేస్తూ పోస్తాం. ఆ ప్రదక్షిణకు దారి ఇచ్చేది మా ప్రహరీగోడలో ఉన్న తలుపు లేని ద్వారం. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, దొంగలు రారా అని అడుగుతూ ఉంటారు.

ఆ ద్వారం మర్నాటి ఉదయానిది. శనివారం ద్వాదశి, ఉపవాసం విడిచి పారణ చెయ్యవలసిన పొద్దు. అత్తగారు తలస్నానం చేసి బిందె నింపుకుని నీడ అంచు వెంట బయలుదేరితే, సగం చుట్టుకు గోడ అడ్డం వచ్చింది. మామగారు ఎవర్నీ అడగలేదు. పంచె ఎగగట్టి, మా వారూ తానూ కలిసి, మనిషి పట్టేంత మేర ఇటుకలు ఊడదీశారు. అవతల పైడమ్మగారు తన బిందెతో అప్పటికే నిలబడి ఉంది. అత్తగారు తల వంచి ఆ సందులోంచి అటు దాటారు, వెనక నేను దాటాను, రెండిళ్ళ నీళ్ళతో చుట్టు పూర్తయ్యాక, పైడమ్మగారి పెరట్లోనే కూర్చుని అందరం పారణ చేశాం.